పందికొక్కు నుంచి ఓకే దాకా: ఇంగ్లిష్ మాటల పుట్టుక

మాటల పుట్టుక మీద ప్రశ్న వస్తే చాలామంది అభ్యర్థులు వదిలేస్తారు. వదలక్కర్లేదు. వెనకున్న సంగతి తెలిస్తే జవాబు మరిచిపోం.

'బాయ్‌కాట్' నిజానికి ఒక మనిషి ఇంటిపేరు. కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్ ఐర్లండ్‌లోని మేయో కౌంటీలో లార్డ్ ఎర్న్ భూములకు ఏజెంటు. 1880లో కౌలు తగ్గించమన్న రైతులను ఖాళీ చేయించబోయాడు. కౌలు రైతుల సంఘమైన ల్యాండ్ లీగ్ అండతో జనం ఆయన్ను వెలివేశారు. కూలీలు పనికి రాలేదు, దుకాణదారులు సరుకు అమ్మలేదు. చివరికి బయటి నుంచి సుమారు 50 మంది వచ్చి, సైన్యం కాపలా మధ్య పంట తీశారు. ఆ ఏడాదే ఆ పేరు క్రియాపదమైంది. పాతికేళ్లకు, 1905 ఆగస్టు 7న, కలకత్తా టౌన్ హాల్ సభ విదేశీ వస్తువుల మీద ఇదే ఆయుధాన్ని ఎక్కుపెట్టింది. ఈ రెండు తేదీలనూ కలిపి చదువుకోండి.

'ఓకే' 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్ పత్రికలో అచ్చయింది. 'ఆల్ కరెక్ట్'ను సరదాకు తప్పు స్పెల్లింగుతో రాసి, తొలి అక్షరాలు తీసుకున్నారు. దీన్ని తేల్చినవాడు కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు అలెన్ వాకర్ రీడ్.

ఇక మనవాళ్లు తప్పకుండా గుర్తుంచుకోవాల్సింది 'బాండికూట్'. అది అచ్చంగా మన పందికొక్కే. ఆస్ట్రేలియాలో ఇదే పేరుతో పిలిచే జంతువు మాత్రం ఎలుక జాతి కాదు, కంగారూలా పిల్లల్ని సంచిలో పెంచేది.