విత్తనము సభకై వేచియుండదు
సమావేశములు నిలిచినప్పుడు దేశీయ మొక్కల మండలి చేయదగిన పనులు

మొక్కలయందు మక్కువ గలవారు కొందరు చేరి మండలిగా ఏర్పడుట గ్రామములకు మేలు కలిగించు విషయము. అట్టివారు నెలకొక పర్యాయము ఎవరి పెరటిలోనో కూడుకొని, తమ ప్రాంతమున సహజముగా పెరుగు చెట్లనుగూర్చి మాటలాడుకొని, విత్తనములు ఇచ్చిపుచ్చుకొని ఇండ్లకు మరలుదురు. సమావేశమే మండలికి ప్రాణమని పలువురు తలంతురు. కాని సమావేశము జరుపరాని కాలము వచ్చినప్పుడు ఆ మండలి ఏమి కావలయును?

ఈ ప్రశ్న ఊహకొరకు వేసినది కాదు. 2020 మార్చి 25 నుండి కరోనా వ్యాధి కారణమున దేశమంతట రాకపోకలు కట్టుబడినవి. ప్రయాణికుల రైళ్లు సైతము నిలిచినవి. 2023 డిసెంబరు 5న, కార్తికమాసపు వనభోజనముల దినములలోనే, మిచాంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. 2024 సెప్టెంబరు మొదటి దినములలో ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరదనీరు దిగువకు పోగా, నదీతీరమందలి లంకగ్రామములు నీట చిక్కినవి. ఐదేండ్లలోపల మూడు పర్యాయములు ఈ ప్రాంతమున మనుష్యులు కూడుటకు వీలులేకపోయినది. ఇకముందు కూడ ఇట్టి కాలము రాకపోదు.

మనుష్యులు సభను వాయిదా వేయగలరు. వేపగింజ తన మొలకను వాయిదా వేయజాలదు. ఈ వ్యాసమున చెప్పదలచిన ముఖ్య విషయమిదియే.

దేశీయ మొక్క యననేమి?

ఎవరును ఇతర దేశమునుండి తెచ్చి నాటకయే, ఒక ప్రాంతపు నేలకును గాలికిని అలవడి, అచ్చటి పక్షులకును తేనెటీగలకును ఆధారమై తరతరములుగా పెరుగుచున్న మొక్క ఆ ప్రాంతమునకు దేశీయము. వేప, కానుగ, నేరేడు, మర్రి, రావి, గంగరావి, పొన్న, వావిలి ఇట్టివి. మన తీరమున విరివిగా కనబడు సరుగుడు, జీడిమామిడి, సర్కారుతుమ్మ విదేశములనుండి వచ్చినవి. మన వంటయింటికి అంత చేరువైన చింత సైతము ప్రాచీనకాలమున ఆఫ్రికానుండి వచ్చినదే. వచ్చిన మొక్కలన్నియు చెడ్డవని దీని భావము కాదు. వానిని పెంచువారు పెక్కుమంది కలరు. దేశీయ మొక్కలను కనిపెట్టియుండువారే తక్కువ. కావుననే మండలి అవసరము.

మూడు ఊళ్లు, మూడు నేలలు

తెనాలి, బాపట్ల, రేపల్లె ఒకదానికొకటి చేరువ పట్టణములే. తెనాలి రైలుకూడలి. అచ్చటనుండి చెన్నై వైపు పోవు మార్గమున బాపట్లయు, శాఖామార్గము చివర రేపల్లెయు ఉన్నవి. అయినను మూటి నేలలును వేర్వేరు. తెనాలి చుట్టును కాలువనీటితో పండు నల్లని బంకనేల. బాపట్ల నుండి సూర్యలంక వరకు తీరపు ఇసుక. రేపల్లె దిగువన కృష్ణానది సముద్రమును చేరుచోట ఉప్పునేలలు, నిజాంపట్నము వైపున మడ అడవులు.

తెనాలి కాలువగట్టున నేరేడు, కానుగ, రావి చక్కగా ఎదుగును. బాపట్ల ఇసుకలో తాడి, మొగలి నిలుచును. సముద్రపుటొడ్డున రావణాసురుని మీసములను ముండ్లగడ్డి ఇసుకను పట్టి ఉంచును. రేపల్లె తీరమున తెల్లమడ, నల్లమడ, తిల్ల మొదలగునవి ఆటుపోటుల నడుమ పెరుగును. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ముంచివేసిన సంగతి ఈ తీరవాసులు మరువలేదు. మడచెట్ల దట్టమైన వేళ్లు అలల తాకిడిని తగ్గించుననియు, ఒడ్డును కోతపడకుండ కాపాడుననియు తెలిసిన తరువాత, ఆ చెట్లనుగూర్చి లోపలి ఊళ్లవారు కూడ తెలిసికొనుట విధియైనది.

ఈ మూడు ఊళ్లవారు ఒకే మండలిగా ఉండుటలోని లాభమిదియే. ఒకరి నేలలో లేని అనుభవము మరియొకరి నేలలో దొరకును. సమావేశము నిలిచినప్పుడు నష్టపడునది కూడ ఈ అనుభవమే.

దూరమున ఉండియు కలిసి పనిచేసినవారు

ఒకచోట కూడకయే మొక్కల విద్యను పెంపొందించుట క్రొత్త సంగతి కాదు. పదునెనిమిదవ శతాబ్ది చివర విలియం రాక్స్‌బర్గ్ అను వైద్యుడు సామర్లకోటలో నివసించుచు తెలుగునాటి మొక్కలను పరిశీలించెను. ఈ దేశపు చిత్రకారులచే వాని బొమ్మలు వ్రాయించి, వర్ణనలతోకూడ ఓడలపై లండనుకు పంపెను. వానినుండి ఏర్పడిన 'కోరమాండల్ తీరపు మొక్కలు' అను గ్రంథము 300 చిత్రములతో 1795 నుండి 1820 వరకు మూడు సంపుటములుగా వెలువడినది. అందు మొక్కల తెలుగు పేర్లు కూడ నమోదైనవి. పంపినవాడు ఇచ్చట, అచ్చువేయించినవారు అచ్చట. నడుమ ఉన్నది ఉత్తరమే.

1836లో ఏర్పడిన లండను వృక్షశాస్త్ర సంఘమువారు దేశమున నలుమూలల ఉన్న సభ్యులనుండి ఎండబెట్టిన మొక్కల నమూనాలను తెప్పించి, వానిని తిరిగి సభ్యులకు పంచుచుండిరి. సభకు ఎన్నడును రాలేని సభ్యుడు కూడ ఆ మార్పిడివలన సంఘమునకు ఉపయోగపడెను. మనదేశమున ఇటీవలి సీజన్‌వాచ్ అను కార్యక్రమము కూడ ఇట్టిదే. అందు పాల్గొనువారు ఎవరి ఊరిలో వారుండి, తాము ఎన్నుకొన్న చెట్టు ఎప్పుడు చిగిర్చినది, పూచినది, కాచినది క్రమముగా నమోదు చేయుదురు.

ఏ గింజ ఎంతకాలము నిలుచును?

మండలి సభ్యులు అన్నిటికంటె ముందు తెలిసికొనవలసినది ఈ విషయము.

వేప: వేసవి చివరను, తొలకరి దినములలోను పండ్లు రాలును. గుజ్జు తీసి, కడిగి, నీడన ఆరనిచ్చి, రెండు మూడు వారములలోపల విత్తుట మేలు. ఆలస్యమైనకొలది మొలకశక్తి త్వరగా తగ్గును.

నేరేడు: తొలకరి దినములలో పండును. గింజను ఎండబెట్టరాదు. పండు తిన్న కొలదిదినములలోనే నాటవలయును.

కానుగ: కాయ ముదిరి ఎండిన తరువాత తీసిన గింజ కొన్ని నెలలు నిలుచును. దూరమునకు పంపుటకు అనువైనది.

పొన్న: గింజపై పెంకు గట్టిది. లోపలి పప్పు చెడకుండ పెంకును మెల్లగా పగులగొట్టి నాటినచో త్వరగా మొలచును.

తాడి: వర్షకాలమున పండ్లు రాలును. టెంకనుండి వెడలిన మొలక నేలలోనికి లోతుగా దిగును. తేగలు త్రవ్వువారికి ఇది తెలిసినదే. కావున మొక్కగా పెంచి మార్చుటకంటె ఉండవలసిన చోటనే టెంకను పాతుట యుక్తము.

వావిలి, తిప్పతీగ: గింజతో పనిలేదు. వానకాలమున వావిలి కొమ్మముక్క పాతిన చాలును. తిప్పతీగ ముక్క కోసి కొన్ని దినములుంచినను చావదు. టపాలో సుఖముగా ప్రయాణము చేయగలదు.

తెల్లమడ: దీని విత్తు తల్లిచెట్టుననే మొలక తొడిగి రాలి, నీటిపై తేలి, బురద దొరికినచోట వేరూనును. దీనిని పొట్లము కట్టి తెనాలికి పంపిన ప్రయోజనము లేదు. కొన్ని మొక్కలు ప్రయాణము చేయవు, వాని కబురు మాత్రమే చేయును.

పై విషయములనుబట్టి జూన్ నెల సభ ఆగినచో వేప, నేరేడు విషయమున ఆ యేడు పోయినట్లే. కానుగ విషయమున అంత తొందర లేదు. ఏది ముందు పంపవలెనో మండలి ఈ తెలివితోనే నిర్ణయించుకొనవలయును.

పొట్లము కట్టు విధము

ఎండుగింజలను కాగితపు సంచిలో ఉంచవలయును. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ నిలిచి బూజు పట్టును. పచ్చిగా ఉండవలసిన గింజలను కొద్దిగా తడిపిన కొబ్బరిపీచులో చుట్టి, గాలి ఆడునట్లు కట్టవలయును. ప్రతి పొట్లముపై నాలుగు సంగతులు వ్రాయవలయును: మొక్క పేరు, గింజ తీసిన ఊరు, తీసిన తేది, తల్లిచెట్టు ఉన్న నేల స్వభావము. తేది లేని పొట్లము సగము విలువ కోల్పోయినదే. మన్నుతోకూడిన వేళ్లను పంపరాదు. మట్టిలోని పురుగులును తెగుళ్లును ఒక ఊరినుండి మరియొక ఊరికి ప్రాకును.

2020 వేసవిలో సభలు లేకున్నను టపా అత్యవసర సేవగా సాగినది. రాకపోకలు తగ్గిన దినములలో ఏ దారులు తెరచియుండునో, ఎవరు ఏ పనిపై ఏ ఊరికి పోవుదురో ముందుగా తెలిసికొని ఉంచుట మంచిది. వ్యాధికాలమున పొట్లమును గుమ్మమువద్ద ఉంచి దూరముగా నిలిచి పలుకరించిన చాలును.

వరుస పిలుపు, చుట్టు పుస్తకము

సెల్‌ఫోనులో బృందముగా మాటలాడుకొను వసతి నేడు పెక్కుమందికి కలదు. అయినను తుపాను వేళ విద్యుత్తు పోవును, ఫోను మూగవోవును. కొందరు వృద్ధులకు మాటలాడు ఫోను మాత్రమే ఉండును. కావున ఒక్క సాధనమునే నమ్ముకొనరాదు.

వరుస పిలుపు సులభమైన పద్ధతి. ఒకరు ఇద్దరికి, ఆ ఇద్దరు చెరి ఇద్దరికి ఫోను చేయుదురు. ఎవరు ఎవరికి చేయవలెనో ముందే కాగితముపై వ్రాసి అందరి ఇండ్లలో గోడకు అంటించవలయును. పిలుపులో మొదటి మాట మొక్కనుగూర్చి కాక మనిషి క్షేమమునుగూర్చి ఉండవలయును. వరద వచ్చినవేళ లంకలోని సభ్యునికి కావలసినది విత్తనము కాదు, పలుకరింపు.

చుట్టు పుస్తకము మరియొక పద్ధతి. ఒక నోటుపుస్తకము ఒకరి ఇంట వారము దినములుండి, వారి పరిశీలనలు వ్రాసిన పిమ్మట తరువాతివారికి పోవును. తెనాలిలో కానుగ ఎప్పుడు పూచినది, బాపట్లలో ఎప్పుడు పూచినది అను భేదము ఒక్క యేటి పుస్తకముననే తెలియును. పుస్తకము పోయినచో నష్టము కలుగకుండ ప్రతి పుటకును ఫోటో తీసి ఉంచుట ఉచితము.

పెద్దల నోటి పేర్లు

విత్తనముకంటె త్వరగా నశించునది మరియొకటి కలదు. అది పేరు. ఏ తీగను ఏమందురో, ఏ ఆకు ఏ కాలమున కోయుదురో తెలిసినవారు పెక్కుమంది వయసు మీరినవారు. కరోనా దినములలో గడప దాటరాదని అందరికంటె గట్టిగా చెప్పించుకొన్నవారు కూడ వారే. 2020 ఆగస్టు 22న వినాయకచవితిని ఇండ్లలోనే జరుపుకొనవలసి వచ్చినప్పుడు, బజారు పత్రి దొరకని ఇండ్లలో మాచీపత్రి యేది, వావిలి యేది, ఉత్తరేణి యేది చెప్పగలిగినవారి విలువ తెలిసివచ్చినది. వారమునకు ఒక పెద్దవారికి ఫోను చేసి ఒక మొక్క పేరు, గుర్తు, ఉపయోగము వ్రాసికొను పనిని మండలి పిల్లలకు అప్పగించవచ్చును. ఏడాదికి ఏబది మొక్కల సమాచారము చేరును. ఆ పెద్దలకు ఆ పిలుపు ఒక తోడు.

ఒక్కొక్క మొక్కకు రెండు ఊళ్లు

మండలి కాపాడదలచిన ప్రతి మొక్కయు కనీసము రెండు ఊళ్లలో ఉండునట్లు చూచుకొనవలయును. గాలికి బాపట్లలోని చెట్టు కూలినను దాని పిల్ల తెనాలిలో ఉండును. వరదకు రేపల్లె పెరడు మునిగినను దాని గింజ బాపట్లలో దొరకును. బాపట్లలో 1945లో స్థాపితమైన వ్యవసాయ కళాశాల ఉన్నది. నేల, తెగుళ్ల విషయమున సందేహములు కలిగినచో అట్టి సంస్థల సలహా పొందుట మేలు.

కొన్ని హెచ్చరికలు

మడ అడవులలో కొమ్మ విరువరాదు, మొక్క పెకలింపరాదు. అటవీశాఖవారి అనుమతి లేక అచ్చట విత్తులు ఏరరాదు. తిల్లచెట్టు పాలు కంటిలో పడిన హాని కలుగును. ఫోటో చూచి మాత్రమే గుర్తించిన ఆకును మందుగా వాడరాదు. గుర్తింపుకొరకు పంపు ఫోటోలో ఆకు, పువ్వు, కాయ, బెరడు వేర్వేరుగా కనబడవలయును.

తిరిగి కూడినప్పుడు

సమావేశములు మరల ఆరంభమైనప్పుడు ప్రతి సభ్యుడును మూడు వస్తువులు తేవలయును: తాను మొలిపించిన ఒక మొక్క, తాను వ్రాసిన పరిశీలన, మొలవని గింజల లెక్క. మూడవది చెప్పుటకు సంకోచింపరాదు. ఏ గింజ ఏల మొలవలేదో తెలిసినగాని మరుసటి యేడు మేలు జరుగదు. ఉసిరిచెట్టు నీడన కూడి భుజించు వనభోజనము మన పెద్దలు ఏర్పరచిన చక్కని ఆచారము. ఆ నీడ నిలువవలెనన్న, కూడని దినములలో కూడ ఎవరో ఒకరు ఆ చెట్టు గింజను సకాలమున మట్టిలో ఉంచవలయును.

చర్చకు ప్రశ్నలు

1. మీ ఊరిలో గింజ త్వరగా చెడిపోవు చెట్లు ఏవి? అవి ఏ నెలలో కాయును?
2. మీ వీధిలో పత్రి పేర్లన్నియు తెలిసిన పెద్దలెవరు? వారి మాటలను ఎవరు వ్రాసికొందురు?
3. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు మీ మండలిలో మొదటి ఫోను ఎవరు, ఎవరికి చేయవలయును?