'డ్రాప్ ఎక్కడ మేడం?'

ఏం చెల్లాయ్, ఈమధ్య నలుగురు ఆడవాళ్లం ఒకచోట చేరితే పిల్లల చదువులూ కూరగాయల ధరలూ అయిపోగానే క్యాబుల గొడవే వస్తోంది, గమనించావా? "వస్తున్నానన్నాడు, పావుగంట నిలబెట్టాడు, చివరికి క్యాన్సిల్ చేశాడు" అని ఒకావిడ. "మావాడు మీరే క్యాన్సిల్ చేసుకోండి మేడం అన్నాడు" అని ఇంకొకావిడ. "నాలుగు చినుకులు పడితే చాలు, రేటు రెట్టింపు" అని మూడో ఆవిడ. అందరూ చెప్పేవీ నిజాలే. ఇవాళ ఈ సంగతి తీరిగ్గా మాట్లాడుకుందాం. ఎందుకంటే మన కోపంలో సగం పడాల్సిన చోట పడటం లేదని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ముందు మన బాధే చెప్పుకుందాం. బుక్ అవగానే ఫోన్ మోగుతుంది. "డ్రాప్ ఎక్కడ మేడం? క్యాషా, ఆన్‌లైనా?" అవతలి మనిషికి నచ్చిన జవాబు కాకపోతే ఫోన్ కట్. ఆ తర్వాత మ్యాపులో కారు బొమ్మ ఉన్నచోటే ఉంటుంది. రాడు, రానని చెప్పడు. క్యాన్సిల్ చేస్తే అతని లెక్కలో పడుతుంది కాబట్టి మనం చేసేదాకా కాచుకుంటాడు. మనం చేస్తే క్యాన్సిల్ రుసుము మన నెత్తిన పడొచ్చు. పట్టపగలైతే చిరాకుపడి ఇంకోటి బుక్ చేస్తాం. రాత్రి పదిన్నరకి గచ్చిబౌలిలో ఆఫీసు గేటు బయట, షట్టర్లు దించేసిన దుకాణాల ముందు నిలబడ్డ పిల్ల సంగతేమిటి? ఫోన్‌లో చార్జింగ్ తగ్గిపోతుంటుంది. "ఎక్కావా తల్లీ?" అని ఇంటినుంచి అమ్మ ఫోన్ మీద ఫోన్. మగవాడికి అది ఆలస్యం మాత్రమే. మనకు అది భయం. ఈ తేడా ఆ డ్రైవరుకీ తెలియాలి, ఆ యాప్ తయారుచేసినవాళ్లకీ తెలియాలి.

ఇంకో తలనొప్పి ముందస్తు టిప్. కారు దొరకకముందే "ఇంకో ఇరవై కలపండి, యాభై కలపండి, త్వరగా దొరుకుతుంది" అని తెర అడుగుతుంది. టిప్ అంటే దిగాక, మనసుకు నచ్చితే ఇచ్చేది. ఎక్కకముందే అడిగితే అది వేలంపాట అవుతుంది. 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇదే విషయంలో ఊబర్‌కు నోటీసు పంపింది. ఈ పద్ధతి అనైతికమని కేంద్రమంత్రి ప్రహ్లాద్ జోషి బాహాటంగానే అన్నారు. అదే ఏడాది జనవరిలో, ఐఫోన్ ఉన్నవాళ్లకు ఒక రేటు, ఆండ్రాయిడ్ వాళ్లకు ఒక రేటు చూపిస్తున్నారన్న ఆరోపణ మీద ఓలాకూ ఊబర్‌కూ నోటీసులు వెళ్లాయి. అలాంటిదేమీ లేదని రెండు కంపెనీలూ చెప్పాయి. ఏది ఏమైనా, మనకు కనిపించే రేటు ఎలా పుట్టిందో మనకు తెలియదన్నది మాత్రం నిజం.

మనకే కాదు చెల్లీ, అతనికీ తెలియదు.

ఒకసారి సికింద్రాబాద్ నుంచి మియాపూర్ వెళ్తూ, బేగంపేట దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకుపోయినప్పుడు ఒక డ్రైవరు తమ్ముడు తన ఫోన్ నావైపు తిప్పి చూపించాడు. మా ప్రయాణం ఇంకా అవనేలేదు, తర్వాతి బుకింగ్ అప్పుడే టింగుమంటూ వచ్చింది. తెర మీద ఒక మొత్తం, ఎక్కించుకోవాల్సిన చోటు ఎంత దూరమో ఒక అంకె, చుట్టూ తరిగిపోతున్న గీత. "గింతల్నే ఒత్తాలె అక్కా. ఆలోచిస్తే పోతది. శానాసార్లు ఒత్తకపోతే గిరాకి తగ్గుతది" అన్నాడు. ఒక చెయ్యి స్టీరింగ్ మీద, ముందు ఆర్టీసీ బస్సు, పక్కన దూసుకొచ్చే బైకులు. ఆ నాలుగైదు సెకన్లలోనే అతను లాభమో నష్టమో లెక్కేసుకోవాలి. మియాపూర్‌లో దిగాక నేను కట్టినదెంతో, అతని ఖాతాలో పడిందెంతో రెండూ పక్కపక్కన పెట్టి చూపించాడు. మధ్యలో తేడా తక్కువేమీ కాదు. "ఏడ పోయిందో నాకూ ఎర్క లేదక్కా" అన్నాడు. ఆ మాటలో కోపం కూడా లేదు. నన్ను బాధపెట్టింది అదే.

ఆ తేడాలో కొంత జీఎస్‌టీ. యాప్‌లో బుక్ చేసిన క్యాబ్ మీద 5 శాతం ఉంటుంది. 2022 జనవరి నుంచి యాప్ ఆటోలకూ అది వచ్చింది. రోడ్డు మీద చెయ్యెత్తి ఆపిన ఆటోకి లేదు. మిగిలింది కంపెనీ కమిషన్. నూటికి పాతిక, ముప్పై దాకా పోతోందని డ్రైవర్ల సంఘాలు ఎన్నాళ్లుగానో మొత్తుకుంటున్నాయి. చేతికొచ్చినదాంట్లోంచి సీఎన్‌జీ పోయించాలి, కారు వాయిదా కట్టాలి, ఇన్సూరెన్సూ ఫిట్‌నెస్సూ చూసుకోవాలి. వీటన్నిటికంటే మనకు కనిపించని ఖర్చు ఇంకోటుంది: ఖాళీగా తిరిగే కిలోమీటర్లు. మనల్ని ఎక్కించుకోవడానికి మూడు కిలోమీటర్లు వస్తే ఆ దూరానికి అతనికి దక్కేది ఏమీ లేదు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో మనల్ని దించాక పార్కింగ్‌లో వరసలో గంటలు కూర్చోవాలి, లేదంటే ఖాళీ బండితో ఊళ్లోకి రావాలి.

అందుకే "డ్రాప్ ఎక్కడ?" అని అడుగుతాడు. అది పొగరు కాదు, ఆ రోజుకు ఇంధనం లెక్క. "క్యాషా, ఆన్‌లైనా?" అన్నదీ అంతే. నోటు చేతికొస్తే వెంటనే బంకుకెళ్లి గ్యాస్ పోయించుకుంటాడు. ఆన్‌లైన్ డబ్బు కోతలన్నీ పోయాక, కంపెనీ వేసినప్పుడు వస్తుంది.

వీళ్లలో చాలామంది ఈ పనిలోకి ఎలా వచ్చారో కూడా చెప్పుకోవాలి. 2013, 14 ప్రాంతంలో ఈ కంపెనీలు మన ఊళ్లల్లో జోరుగా విస్తరించినప్పుడు మనకు డిస్కౌంట్లు పంచాయి, వాళ్లకు ఇన్సెంటివులు పంచాయి. నెలకు ఇంత సంపాదించొచ్చని నమ్మి పాలమూరు, నల్లగొండ వైపునుంచి ఎందరో కుర్రాళ్లు అప్పు చేసి కార్లు కొన్నారు. అలవాటు పడ్డాక ఇన్సెంటివులు కోశారు. వాయిదాలను మాత్రం ఎవరూ కొయ్యలేదు. 2017 నాటికే హైదరాబాద్‌లో, ఢిల్లీలో డ్రైవర్లు సమ్మెకు దిగారు. 2024 ఏప్రిల్‌లో, మండుటెండల్లో, మన హైదరాబాద్ డ్రైవర్లే "నో ఏసీ" అని ఉద్యమం పెట్టారు, గుర్తుందా? కిలోమీటరుకు తమకు వచ్చేది పది, పన్నెండు రూపాయలని, ఏసీ వేసి నడిపితే ఖర్చే పదహారు దాటుతోందని వాళ్ల సంఘం లెక్క చెప్పింది. ఆ వేసవంతా ఎన్ని కార్లలో ఎన్ని తగవులో! వెనక సీట్లో ఏసీ డబ్బు కట్టానన్న మనిషి, ముందు సీట్లో ఆ డబ్బు తనకు రాలేదన్న మనిషి. ఇద్దరికీ చెమటలు. ఇద్దరి డబ్బూ చూసే మూడో మనిషి ఆ కార్లో లేడు. ఒకే ఇంట్లో అత్తాకోడళ్లకు తగువు పెట్టి తను పక్కగదిలో కూర్చున్న పెద్దమనిషి తీరు అది.

అలాగని నేను డ్రైవర్లను పూర్తిగా వెనకేసుకు రావడం లేదు. తమ్ముడూ, నీకు కిరాయి గిట్టకపోతే నువ్వే క్యాన్సిల్ చెయ్యి, ఆ నిమిషమే చెయ్యి. ఆడపిల్లని నడిరోడ్డు మీద నిలబెట్టి, ఆమె విసిగి క్యాన్సిల్ చేసేదాకా కాచుకోవడం ఏ కమిషన్ బాధా సమర్థించలేని తప్పు. మీ ఇంట్లోనూ చెల్లి ఉంటుంది, కూతురు ఉంటుంది తమ్ముడూ. ఇది నిన్ను బతిమాలడం కాదు, అక్కగా గట్టిగా చెబుతున్నాను.

మనవైపూ చూసుకోవాలి. మనలో కొందరు లొకేషన్ ఒక గల్లీలో పెట్టి, ఇంకో గల్లీలో నిలబడి, "ఏయ్, ఎక్కడ చస్తున్నావ్?" అని అరుస్తారు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కారు నిలబెట్టి తీరిగ్గా దిగుతారు. ట్రాఫిక్ జామ్‌కు అతనికి ఒక్క స్టారు ఇచ్చేస్తారు. రేటింగ్ పడిపోతే ఐడీ బ్లాక్ అవుతుంది. బ్లాకైతే ఎవరిని అడగాలో అతనికి తెలియదు, ఫోన్‌లో రికార్డు చేసిన గొంతు తప్ప మనిషి దొరకడు. ఒక్క స్టారుతో మనం ఒక ఇంట్లో పొయ్యి ఆర్పుతున్నామన్న సంగతి మనసులో ఉంచుకోవాలి. నిజంగా తప్పు చేసినవాడికి ఇవ్వు, తప్పకుండా ఇవ్వు. ఎండకీ వానకీ ట్రాఫిక్‌కీ కాదు.

చట్టం ఏమంటోందంటావా? 2020 నవంబరులో కేంద్రం ఈ కంపెనీలకు మార్గదర్శకాలు ఇచ్చింది. రద్దీ వేళ పెంచే రేటు అసలు ఛార్జీకి ఒకటిన్నర రెట్లు దాటకూడదని, డ్రైవరుకు 80 శాతం దక్కాలని రాసింది. 2025 జులైలో కొత్తవి వచ్చాయి. ఇప్పుడు రెండు రెట్ల దాకా పెంచుకోవచ్చు. అంటే మన జేబుకున్న రక్షణను సడలించారు. సొంత బండి ఉన్న డ్రైవరుకు 80 శాతం అన్నది అలాగే ఉంది. సరైన కారణం లేకుండా క్యాన్సిల్ చేస్తే ఛార్జీలో 10 శాతం, గరిష్ఠంగా 100 రూపాయలు జరిమానా, అతనైనా మనమైనా. డ్రైవర్లకు 5 లక్షల ఆరోగ్య బీమా, 10 లక్షల టర్మ్ బీమా ఉండాలన్నారు. కాగితం మీద బాగానే ఉంది. కానీ అమలు చేయాల్సింది రాష్ట్రాలు. ఆ 80 శాతం మాట 2020 నుంచీ ఉన్నదే, అయినా డ్రైవర్లు 2024లో రోడ్డెక్కారంటే అమలు ఎంతో నీకే అర్థమవుతుంది.

ఆటోల సంగతి కొంచెం వేరు. బెంగళూరులో నమ్మ యాత్రి అనే యాప్ 2022లో వచ్చి, కమిషన్ వద్దంది, ఆనక రోజుకు కొద్దిపాటి రుసుముతో సరిపెట్టింది. తర్వాత పెద్ద కంపెనీలూ ఆటోల్లో ఆ దారి పట్టాయి. ఊబర్ ఆటోకి 2025 ఫిబ్రవరి నుంచి డబ్బు నేరుగా డ్రైవరుకే ఇవ్వాలి. అతనికి ఇది మేలు. మనకు వచ్చిన చిక్కేమిటంటే, తెర మీద రేటు ఒకటి, "దాని మీద ముప్పై ఇవ్వండక్కా" అన్నది ఇంకొకటి, కంపెనీని అడిగితే అది మీరూ డ్రైవరూ చూసుకోండి అంటుంది. హైదరాబాద్‌లో ఆటో మీటరు రేటు చివరిసారి మార్చింది 2014లో, మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలని. ఆ రేటుకి ఇవాళ ఏ ఆటో తమ్ముడైనా ఎలా నడుపుతాడు? సర్కారు మీటరు సరిచేసి ఉంటే ఈ బేరాలు ఇంత ముదిరేవి కావు. పైగా మనకు ఉచిత బస్సు వచ్చాక వాళ్ల గిరాకీ బాగా పడిపోయింది. మన సౌకర్యం మనకు ఉండాల్సిందే, వాళ్ల సంగతీ ప్రభుత్వం చూడాల్సిందే.

ఇక నీకు కొన్ని జాగ్రత్తలు. బుక్ చేసేటప్పుడు కనిపించిన రేటును స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకో. అతనే క్యాన్సిల్ చేయమంటే, కారణాల్లో "డ్రైవరు రద్దు చేయమన్నాడు" అన్నదే ఎంచుకో. తొందరలో పైనున్నది నొక్కేస్తే రుసుము నీ మీద పడొచ్చు. ఎక్కేముందు నంబరు ప్లేటు చూడు. తెలంగాణలో రాత్రి ప్రయాణమైతే టీ-సేఫ్ వాడు. 2024 మార్చిలో పోలీసులు తెచ్చిన సేవ, నువ్వు దిగేదాకా నీ దారిని గమనిస్తారు. యాప్ లేకపోయినా 100కు ఫోన్ చేసి 8 నొక్కితే సరిపోతుంది. మోసం జరిగితే ఊరుకోకు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనే చెప్పుకోవచ్చు.

ఆ ఫిర్యాదు చేసినప్పుడల్లా ఇంకొక్క మాట కూడా కలిపి అడుగు చెల్లీ: మనకిచ్చే బిల్లులో డ్రైవరుకు ఎంత దక్కిందో ఒక వరస రాయమని. నేనూ అడుగుతున్నాను. మనం ఇచ్చిన డబ్బు ఎవరి చేతికి ఎంత వెళ్లిందో తెలుసుకునే హక్కు మనకుంది, అతనికీ ఉంది.