మాటిమాటికి గర్భస్రావము: రక్తపరీక్ష తెలుపు సంగతులు

గ్రామములో ఒక ఇల్లాలికి రెండు మూడు పర్యాయములు గర్భము నిలువకపోయిన యెడల దిష్టి యని కొందరు, గ్రహదోషమని కొందరు చెప్పుదురు. పేరంటమునకు ఆమెను పిలుచుటకు సంకోచింతురు. అత్తవారింట మారుమనువు మాట పుట్టి, ఆ తగవు పెద్దల ముందుకు వచ్చుటయు కలదు. కావున ఈ విషయమున వైద్యశాస్త్రము చెప్పునదేమో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరమని తలంచుచున్నాము.

గర్భమని తెలిసిన పిమ్మట నూటికి 10 మొదలు 15 వరకు గర్భములు వానియంతట అవియే పోవును. మొదటి మూడు నెలలలో కలుగు స్రావములలో సుమారు సగము పిండములోని క్రోమోజోముల లోపము వలననే జరుగును. ఇందు తల్లి చేసిన తప్పేమియు లేదు. ఒకమారు గర్భము పోయినవారిలో అత్యధికులు తరువాత చక్కని బిడ్డలను కనుచున్నారు.

అయితే మరల మరల పోవుచున్నపుడు కారణమును వెదకవలెను. రోగక్రిములతో పోరాడుటకై మన శరీరము రక్తములో ప్రతిరక్షకములను తయారుచేయును. కాపలాదారుడే ఇంటివారిపై కర్ర ఎత్తినట్లు, కొందరిలో ఇవి స్వంత శరీరము మీదికే తిరుగును. వీనిలో ఫాస్ఫోలిపిడ్ ప్రతిరక్షకములు ముఖ్యమైనవి. ఇవి మాయకు హాని చేయును. రక్తము గడ్డకట్టు గుణమును హెచ్చించును. అందుచేత పిండమునకు పోషణ చాలక గర్భము పోవును. ఈ వ్యాధిని 1983లో లండనులో గ్రాహమ్ హ్యూస్ అను వైద్యుడు వివరించెను. మాటిమాటికి గర్భస్రావమగు స్త్రీలలో నూటికి సుమారు 15 మందికి ఈ ప్రతిరక్షకములు కనబడుచున్నవి.

వీనిని రక్తపరీక్ష వలన కనుగొనవచ్చును. ఒకమారు కనబడినంత మాత్రమున వ్యాధి యని నిశ్చయింపరాదు. అంటువ్యాధులు సోకినపుడు ఇవి కొలదికాలము కనబడి మాయమగుట కలదు. అందుచేత కనీసము 12 వారముల పిమ్మట పరీక్షను మరల చేయింపవలెను. వ్యాధి స్థిరపడినచో, గర్భకాలమున తక్కువ మోతాదులో ఆస్పిరిన్ మాత్రలు, హెపారిన్ సూదిమందు ఇత్తురు. ఈ చికిత్సతో పెక్కుమంది తల్లులు బిడ్డలను ఎత్తుకొనుచున్నారు. ఈ మందులను వైద్యుని పర్యవేక్షణ లేక వాడరాదు.

ఇంకొక హెచ్చరిక. సహజ సంహారక కణములను లెక్కించు రక్తపరీక్ష యనియు, దానికి తగిన ఖరీదైన సూదిమందులనియు కొన్నిచోట్ల చెప్పుదురు. వాని వలన గర్భము నిలుచునని ఇంతవరకు రుజువు కాలేదు. వీనికై పొలము తాకట్టు పెట్టుట తగదు.

సభ్యులు చేయదగినవి:

1. రెండుగాని అంతకు మించిగాని గర్భములు పోయినను, మూడవ నెల దాటిన పిమ్మట ఒక్కటి పోయినను, ఆశా కార్యకర్త ద్వారా ఆ దంపతులను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు, అచ్చటినుండి పెద్ద ఆసుపత్రికి పంపించునట్లు చూడవలెను.

2. భర్త కూడ వెంట వెళ్లవలెను. లోపము ఇరువురిలో ఎవరియందైనను ఉండవచ్చును. థైరాయిడు, మధుమేహము, గర్భాశయ లోపములు కూడ పరీక్షింపబడవలెను.

3. ప్రతి గర్భము ఎన్నవ నెలలో పోయినదో వ్రాయించి, పరీక్షల కాగితములను భద్రపరచుకొనుమని చెప్పవలెను.

4. ఆ ఇల్లాలి సంగతి రచ్చబండ మీద చర్చకు రానీయరాదు.

బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి నింద రెండవ దెబ్బ. ఆ దెబ్బ తగులకుండ కాపాడుట వైద్యుని చేతిలో లేదు. గ్రామ పెద్దలమగు మన చేతిలోనే ఉన్నది.