కెమెరా ముందు మనం ఎవరం?

పోయిన నెల ఇన్‌స్పెక్షన్‌కి ఆఫీసరుగారు వస్తున్నారనగానే మన హాస్టల్లో ఏం జరిగిందో అందరికీ గుర్తుంది గదా. తలకు నూనె రాసి, నున్నగా దువ్వి, చొక్కాలు లోపలికి దోపుకొని వరుసగా నిలబడ్డాం. వార్డెన్ సారు కూడా ఇస్త్రీ చొక్కా వేసేరు. (సారు కోప్పడకూడదు!) జీపు వెళ్ళగానే మళ్ళీ మామూలే. మనం అబద్ధమాడేమా? లేదు. వచ్చిన మనిషిని బట్టి మనల్ని మనం చూపించుకున్నాం, అంతే.

ఈ సంగతి మీద ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సమాజ శాస్త్రజ్ఞుడు 1956లో ఒక పుస్తకమే రాసేడు. ఆయన స్కాట్లండ్‌కి ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో ఉండి, అక్కడి ఒక హోటల్ని గమనించేడు. పనివాళ్ళు ఆ దీవి వాళ్ళే. వంటింట్లో తమ ఊరి పద్ధతిలోనే ఉండేవారు. తలుపు దాటి అతిథుల భోజనాల గదిలోకి రాగానే మర్యాదలన్నీ మారిపోయేవి. వంటిల్లు తెర వెనుక, భోజనాల గది రంగస్థలం అని ఆయన లెక్క.

2005లో యూట్యూబ్ వచ్చింది. అందులో మొట్టమొదటి వీడియో 19 సెకన్లే. దాన్ని పెట్టిన వారిలో ఒకరైన జావేద్ కరీం జంతు ప్రదర్శనశాలలో ఏనుగుల ముందు నిలబడి మాట్లాడతాడు. అప్పటి నుంచి రంగస్థలం ప్రతి ఇంటికీ వచ్చేసింది. కాని ఇక్కడ చూసేవాళ్ళు మనకు కనబడరు. మనల్ని ఎన్నడూ చూడనివాడు ఆ ఒక్క మనిషిని చూసి, "గిరిజనులంటే ఇలా ఉంటారన్నమాట" అనుకుంటాడు. చిక్కంతా అక్కడే వస్తున్నది.

దసరా సెలవుల్లో మా ఊరికి పట్నం నుంచి ముగ్గురు వీడియో తీసేవాళ్ళు వచ్చేరు. మా నాయనమ్మ స్టీలు గిన్నెలో చోడంబలి కాస్తున్నది. "గిన్నె తీసి కుండ పెట్టండి, చెప్పులు విప్పండి, ఆ టీవీ మీద గుడ్డ కప్పండి" అన్నారు. మా ఇంట్లో కుండ లేదు, పక్కింటి నుంచి తెచ్చేం. వాళ్ళు చెడ్డవాళ్ళేం కారు, అంబలి తాగి బాగుందన్నారు కూడా. తర్వాత ఆ వీడియో మా అన్నయ్య ఫోన్లో చూసేం. పైన "అడవి మనుషుల తిండి" అని ఉంది. నాయనమ్మకు చదువు రాదు. "ఏటని రాసేర్రా?" అని అడిగింది. "అంబలి అని రాసేరే" అన్నాను.

ఒడిశాలో సంబల్‌పూర్ జిల్లా బాబూపాలి అనే ఊళ్ళో ఐజాక్ ముండా అనే కూలీ ఉన్నాడు. ఆయనా గిరిజనుడే. 2020లో లాక్‌డౌన్ వచ్చి పని పోయింది. అప్పు చేసి ఒక ఫోన్ కొన్నాడు. అన్నం పళ్ళెం ముందు పెట్టుకొని, తింటూ తనే వీడియో తీసుకున్నాడు. లక్షలమంది చూసేరు. తర్వాత తన ఊరు, ఇల్లు, వాళ్ళు తినే పఖాళ (మన చద్దన్నం లాంటిది) అన్నీ చూపించేడు. 2021 జులైలో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో ఆయన పేరు చెప్పేరు. ఆ సంపాదనతో ఇల్లు కట్టుకున్నాడు. ఆయన పళ్ళెమూ, మా నాయనమ్మ కుండా రెండూ కెమెరా కోసం పెట్టినవే. అయితే పళ్ళెం ఆయనది, కుండ మాది కాదు.

కెమెరా మన చేతికొస్తే అంతా సర్దుకుంటుందని కూడా నేననను. పేదవాడిగా పేరొచ్చినవాడు మంచి చొక్కా వేస్తే "మారిపోయేడు" అంటారు. దాంతో పాత చొక్కా విడవడానికి భయం. మనం ప్యాంటు వేసుకొని సెలవులకి ఊరెళ్తే మనవాళ్ళు అనరా ఏంటి?

వేసవి సెలవుల్లో మా అన్నయ్య నాయనమ్మ వంట వీడియో తీస్తాడట. ఆమె ముందే షరతు పెట్టింది. సంతలో కొన్న కొత్త చీర కడుతుందట, స్టీలు గిన్నెలన్నీ తోమి వెనకాల వరుసగా పెట్టాలట, టీవీ మీద గుడ్డ తియ్యాలట.