మ్యూజియం తరలింపు ఉత్తర్వు వచ్చిందా? ముందు రిజిస్టర్ తియ్యండి

భవనం ఖాళీ చెయ్యమని కాగితం రాగానే వ్యవసాయ యంత్రాల మ్యూజియంలో అందరూ క్రేన్ గురించి, లారీల గురించి మాట్లాడుకోవడం మొదలుపెడతారు. వాటికి ఇంకా టైముంది. క్యూరేటరైనా, స్టోర్‌కీపరైనా, మెకానిక్ అయినా ఆ వారం చెయ్యాల్సిన పని ఒకటే: స్టాక్ రిజిస్టర్ దుమ్ము దులిపి, ఏ యంత్రం ఏ పద్దులో ఉందో చూడటం. పాత ట్రాక్టరు దారిలో పోదు. బయలుదేరకముందే, ఫైల్లో పోతుంది.

ఎలాగంటే, కేంద్ర ప్రభుత్వ సంస్థలు పాటించే సాధారణ ఆర్థిక నియమాల (జీఎఫ్ఆర్ 2017) ప్రకారం యంత్రాలు, ఫర్నిచర్ లాంటి స్థిరాస్తులను ఫారం 22లో రాస్తారు. చారిత్రక, కళాత్మక విలువ ఉన్న వస్తువులకు విడిగా ఫారం 24 ఉంది. చాలాకాలం కిందట పొలం పనికి కొని, తర్వాత షెడ్డులో ప్రదర్శనకు పెట్టిన ట్రాక్టరు ఇప్పటికీ మొదటి పద్దులోనే ఉండిపోతే, లెక్కల్లో అది ఆయుష్షు తీరిన యంత్రం. తరలింపు కమిటీ వచ్చి ‘పనికిరానివి’ అని జాబితా రాసేటప్పుడు అందులోకి ఎక్కే మొదటి పేరు దానిదే. కండెమ్ అయిన సరుకు వేలానికి, వేలం నుంచి పాత ఇనుము కొట్టుకు వెళ్లిపోతుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండనక్కర్లేదు. అందుకే కమిటీ కూర్చోకముందే, ఆ యంత్రాన్ని చారిత్రక వస్తువుల పద్దులోకి మార్చమని మీ అధికారికి నోట్ పెట్టండి. రాష్ట్ర సంస్థలకు, ట్రస్టులకు ఫారాలు వేరు కావచ్చు, జాగ్రత్త మాత్రం ఇదే.

నోట్‌లో ‘పురాతనమైనది, విలువైనది’ అంటే ఎవరూ కదలరు. తయారీదారు, సంవత్సరం, ఇంజన్ నంబరు, ఎక్కడ పనిచేసింది, అలాంటివి ఇంకెక్కడైనా ఉన్నాయా అన్నది రాయండి. మన దేశంలో తయారైన తొలి ట్రాక్టరు 1959లో ఫరీదాబాద్‌లోని ఐషర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. దుర్గాపూర్ పరిశోధన సంస్థలో మనవాళ్లే రూపొందించిన స్వరాజ్ 1974లో పంజాబ్‌లో మార్కెట్‌లోకి దిగింది. అలాంటి తొలి తరం బండి మీ షెడ్డులో ఉంటే నోట్‌లో మొదటి వాక్యం అదే కావాలి. మరో సంగతి. ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్‌ను 15 ఏళ్లు దాటాక పునరుద్ధరించకుండా తుక్కుకు పంపాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మీ ట్రాక్టరు ఇంకా రిజిస్ట్రేషన్ పుస్తకంలో వాహనంగానే ఉంటే, అది ప్రదర్శన వస్తువని రవాణా శాఖకు లిఖితపూర్వకంగా తెలిపి, జవాబు ఫైల్లో పెట్టుకోండి.

రైతు కుటుంబాలు ఇచ్చిన వస్తువులది ఇంకో చిక్కు. ఇచ్చారా, చూపించడానికి ఉంచారా అన్న కాగితం చాలాచోట్ల ఉండదు. ఇచ్చినవారు బతికి ఉండగానే వెళ్లి ఒక పేజీ దానపత్రం రాయించుకోండి.

ఇక కదిలించడం. లండన్ సైన్స్ మ్యూజియం తన స్టోరు భవనం బ్లైత్ హౌస్‌ను ఖాళీ చేసి, మూడు లక్షలకు పైగా వస్తువులను విల్ట్‌షైర్‌లోని రాటన్ పాత విమానాశ్రయానికి చేర్చింది. ప్రతి వస్తువునూ ప్రమాదకర పదార్థాల కోసం పరీక్షించి, ఫొటో తీసి, బార్‌కోడ్ అంటించాకే పంపారు. మనకు బార్‌కోడ్ లేకపోయినా ఫరవాలేదు, రాగి తీగతో కట్టిన అల్యూమినియం బిళ్ల చాలు. పరీక్ష మాత్రం మానవద్దు. పాత బ్రేక్ లైనింగుల్లో, గ్యాస్కెట్లలో, ఆవిరి బాయిలర్ చుట్టూ ఉన్న పూతలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. కొత్త చోటికి వెళ్తున్నాం కదా అని గీకి రంగులు వెయ్యనివ్వకండి. పనివాళ్ల ఊపిరితిత్తులకూ చేటు, యంత్రం మీదున్న తయారీదారు అక్షరాలూ పోతాయి.

పెద్ద యంత్రం కన్నా విడిభాగమే ఎక్కువ పోతుంది. ఆయిల్ ఇంజన్ తిప్పే హ్యాండిల్, ట్రాక్టరు మాగ్నెటో, నూర్పిడి యంత్రం జల్లెడలు ఇలా మాయమయ్యేవే. అంతకన్నా కష్టం విత్తనాలు వేసే జడ్డిగం గొర్రుతో. పైన గిన్నె, దాని నుంచి దిగే వెదురు గొట్టాలు, కింద పళ్లు, అన్నిటినీ పట్టి ఉంచే తాళ్లు. తాళ్లు కోసేసి గొట్టాలొక గోనెసంచిలో, గిన్నె ఇంకో దాంట్లో వేస్తే అవతల దాన్ని బిగించగలిగేవాడు దొరకడు. విప్పేముందు ముడులను దగ్గరగా ఫొటో తియ్యండి. వీలైతే విప్పకుండానే చెక్క చట్రంలో పెట్టి పంపండి. కర్ర సామాను చెదలతో, పుచ్చుపురుగులతో కలిసి ప్రయాణిస్తుంది కాబట్టి కొత్త భవనంలో కొన్ని వారాలు వేరే గదిలో ఉంచి, కింద పొడి రాలుతోందేమో రోజూ చూడాలి.

ట్రాక్టరును ‘స్టార్ట్ చేసి ఎక్కించేద్దాం’ అనేవాళ్లు ఉంటారు. ఏళ్లుగా నిలిచిన బండి బ్రేకులను నమ్మి ర్యాంపు ఎక్కించడం ప్రాణాలతో చెలగాటం. డీజిల్, నీళ్లు దించి, బ్యాటరీ తీసి, వించితో మెల్లగా లాగండి. పట్టీలు యాక్సిల్‌కూ ఛాసిస్‌కూ కట్టాలి గాని స్టీరింగు రాడ్లకూ రేకులకూ కాదు. ఇనుప చక్రాల కింద పలకలు వెయ్యండి. ఆయిల్ ఇంజన్ ఫ్లైవీల్ తాళం బిగుసుకుపోయి ఉంటే సుత్తితో కొట్టొద్దు, దిమ్మతో సహా ఎత్తించండి. కళాసీలతో ముందురోజే కూర్చుని, బరువెక్కడుందో చూపించండి. కొత్త భవనం తలుపు ఎత్తు, నేల మోయగల బరువు కొలిచాకే లారీకి తేదీ ఇవ్వండి.

ఇదంతా తెలిసిన మనిషి సాధారణంగా ఔట్‌సోర్సింగ్‌లో ఉన్న మెకానిక్కే. కమిటీలో ఆయన పేరు ఉండేలా పట్టుబట్టండి. ఒక్కో ఇంజన్ దగ్గర ఆయన చేత చెప్పించి ఫోన్లో వీడియో తీసి, దాన్ని వస్తువు నంబరుతో భద్రపరచండి. మెకానిక్ అన్నలకు నా మాట: తరలింపులో మీరు చేసిన పనిని తేదీలతో రాసుకుని అధికారి సంతకం తీసుకోండి, అనుభవ ధ్రువపత్రంలో యంత్రాల పేర్లు రాయించుకోండి. కొత్త ఊళ్లో ఏజెన్సీ మారితే పీఎఫ్ సభ్యత్వ సంఖ్య మారుతుంది, యూఏఎన్ మారదు. పాత ఏజెన్సీ మీ చివరి నెల వరకు జమ చేసిందో లేదో పాస్‌బుక్‌లో చూసుకుని, లోటు ఉంటే ఆ ఏజెన్సీ మనుషులు ఊళ్లో ఉండగానే అడగండి.