గాలిమరల కొలువు: చేరే ముందు తెలుసుకోవలసినవి

పవన విద్యుత్తు అనగానే బీటెక్ ఉండాలేమో అనుకుని ఐటీఐ, డిప్లొమా విద్యార్థులు చాలామంది అటువైపే చూడరు. సైట్‌కు వెళ్తే సంగతి వేరు. రోజూ మరలెక్కి సర్వీసింగ్ చేసేది ఎక్కువగా ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ ట్రేడ్‌ల వాళ్లూ, ఎలక్ట్రికల్, మెకానికల్ డిప్లొమా వాళ్లే.

దేశంలో పవన విద్యుత్ స్థాపిత సామర్థ్యం 2025లో 50 వేల మెగావాట్లు దాటింది. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది దాదాపు 4 వేల మెగావాట్లు. రామగిరి, ఉరవకొండ మొదలుకుని రాయలసీమదే అందులో పెద్ద వాటా. 2030 నాటికి శిలాజేతర వనరుల సామర్థ్యాన్ని 5 లక్షల మెగావాట్లకు చేర్చాలన్నది కేంద్రం లక్ష్యం. అది ఎంతవరకు నెరవేరుతుందన్నది అలా ఉంచండి. ఇప్పటికే నిలబెట్టిన మరలకు 20, 25 ఏళ్లపాటు నిర్వహణ తప్పదు. ఈ రంగంలో నమ్ముకోదగ్గ ఉపాధి అదే. నిర్మాణం పనులంటారా, క్రేన్లు తరలిపోయిన రోజున ఆ మనుషులూ తరలిపోవాల్సిందే.

పని మాత్రం తేలిక కాదు. కొత్త మరల టవర్లు 140 మీటర్ల ఎత్తు వరకూ ఉంటున్నాయి. టవర్ కొసన నాసెల్ అనే గదిలాంటి పెట్టెలో జనరేటరు, బ్రేకులు, చాలా మోడళ్లలో గేర్‌బాక్సు, మరను గాలికి ఎదురుగా తిప్పే మోటార్లు ఉంటాయి. బోల్టుల బిగువు సరిచూడటం, గ్రీజు పెట్టడం, సెన్సర్లు మార్చడం లాంటివన్నీ అక్కడే. లిఫ్టు ఉన్న టవర్లున్నాయి, నిచ్చెన ఒక్కటే ఉన్నవీ ఉన్నాయి. లిఫ్టు మొరాయించిన రోజున అందరికీ నిచ్చెనే. కళ్లు తిరగడం, మూర్ఛ, అదుపులో లేని బీపీ ఉన్నవారు టవర్ ఉద్యోగం జోలికి వెళ్లకపోవడమే మంచిది.

మన దగ్గర గాలి జోరు జూన్ నుంచి సెప్టెంబరు దాకా. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది కాబట్టి ఆ నెలల్లో మర ఒక్కరోజు ఆగినా యాజమాన్యానికి పెద్ద నష్టం. పెద్ద సర్వీసింగులన్నీ అంతకుముందే ముగించాలి, సీజన్‌లో సెలవు దొరకడం కష్టం. శ్రావణ మాసంలో పెళ్లి పెట్టుకునేవారు సైట్ ఇన్‌చార్జితో ముందే మాట్లాడుకోవాలి మరి!

ఈ రంగంలో విలువున్న కాగితం గ్లోబల్ విండ్ ఆర్గనైజేషన్ వారి భద్రతా శిక్షణ సర్టిఫికెట్. ఎత్తులో పనిచేయడం, ప్రథమ చికిత్స, అగ్నిప్రమాదాలు, బరువులెత్తే పద్ధతి నేర్పుతారు. దీనికి రెండేళ్లే గడువు, ఆ తర్వాత మళ్లీ రిఫ్రెషర్ చేయాలి. ఉద్యోగంలోకి తీసుకున్నాక సొంత ఖర్చుతో ఈ శిక్షణ ఇప్పించే కంపెనీలూ ఉన్నాయి కనుక, అప్పు చేసి ముందే ఫీజు కట్టేయకండి. కట్టక తప్పకపోతే, శిక్షణ కేంద్రం పేరు ఆ ఆర్గనైజేషన్ గుర్తింపు జాబితాలో ఉందో లేదో చూసుకోండి. చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ ‘వాయుమిత్ర’ పేరుతో నైపుణ్య శిక్షణ కార్యక్రమం చేపట్టింది. దాని ప్రకటనల మీద ఓ కన్నేసి ఉంచండి.

బీటెక్ వాళ్లకు నేల మీదా పనుంది. గాలి కొలతలు చూసి మర ఎక్కడ నిలపాలో తేల్చడం, యంత్రాలను దూరం నుంచే పర్యవేక్షించే స్కాడా వ్యవస్థ తెర ముందు కూర్చుని మరల తీరు గమనించడం అందులో కొన్ని. నాకు ఎక్కువ ఆశ కలిగిస్తున్నది అంచనాల విభాగం. రోజును 15 నిమిషాల చొప్పున 96 భాగాలు చేసి, ఏ భాగంలో ఎంత కరెంటు ఇస్తారో ముందుగానే గ్రిడ్‌ను నడిపే లోడ్ డిస్పాచ్ కేంద్రానికి చెప్పాలి. పరిమితికి మించి లెక్క తప్పితే జరిమానా. గణాంకశాస్త్రం, పైథాన్, కాస్త వాతావరణ శాస్త్రం కలిసి వచ్చినవారికి ఇక్కడ చోటుంది. గాలి, సౌర విద్యుత్తును పంప్డ్ స్టోరేజీతో (నీటిని పైకి తోడి కరెంటును నిల్వచేసే పద్ధతి) ముడిపెట్టిన ఉమ్మడి కర్నూలు జిల్లా పిన్నాపురం లాంటి ప్రాజెక్టుల్లో ఈ లెక్కలు ఇంకా జటిలమవుతాయి.

సొంతూళ్లోనే ఉంటామంటే కుదరకపోవచ్చు. తమిళనాడు, గుజరాత్, రాజస్థాన్ ఎక్కడికైనా బదిలీ కావచ్చు, హిందీ వస్తే మేలు. కొన్నిచోట్ల నియామకం కంపెనీ పేరు మీద కాక కాంట్రాక్టరు పేరు మీద జరుగుతుంది. ఆఫర్ లెటర్‌పై సంతకం ఎవరిదో చదవండి, పీఎఫ్, ప్రమాద బీమా ఎవరు కడతారో అడగండి, పైన ఎవరికైనా దెబ్బ తగిలితే కిందికి దించే రెస్క్యూ కిట్ సైట్‌లో ఉందో లేదో కనుక్కోండి. ఎత్తు నుంచి పడిపోకుండా ఒంటికి కట్టుకునే హార్నెస్ మీరే కొనుక్కోవాలని చెప్పే చోట మాత్రం చేరకండి.