ఓడ ఎక్కేముందు మూడు ప్రశ్నలు

క్రూయిజ్ అనగానే మనకి గుర్తొచ్చేవి రీల్స్‌లో కనిపించే స్విమ్మింగ్ పూల్, డెక్ మీద సూర్యాస్తమయం, బఫేలో వరసగా పెట్టిన స్వీట్లు. ఆ రీల్స్‌లో ఎవరూ చూపించనిది ఒకటుంది. చాలా ఓడల్లో కింది డెక్‌లో ఎక్కడో ఉండే చిన్న మెడికల్ సెంటర్. ఈసారి మన ఈ-మ్యాగజైన్‌కి నేను దాని గురించే రాస్తున్నాను.

నాకు పన్నెండేళ్ళప్పటి నుంచి టైప్ 1 డయాబెటిస్. తాతయ్యలకి వచ్చే షుగర్ వేరు, ఇది వేరు. నా ఒంట్లో క్లోమం ఇన్సులిన్ తయారుచేయడం దాదాపు మానేసింది. అందుకే రోజుకి నాలుగు సార్లు నేనే బయటి నుంచి తీసుకోవాలి. ఈ సెలవుల్లో మా ఇంట్లోవాళ్ళం, పిన్ని వాళ్ళం కలిసి చెన్నైలో ఓడ ఎక్కి మూడు రాత్రులు సముద్రంలో గడపబోతున్నాం. దానికోసం నెల రోజులుగా చదివినవి, మా డాక్టర్‌ని అడిగి తెలుసుకున్నవి ఇక్కడ పెడుతున్నాను. నేను సీఎస్ఈ సెకండ్ ఇయర్, డాక్టర్‌ని కాదు. కాబట్టి డోసుల లెక్కలు మాత్రం ఎవరి డాక్టర్‌ని వాళ్ళే అడగాలి.

ఓడ అంటే ఆఫ్‌లైన్ మోడ్

ఊళ్ళో ఉన్నప్పుడు మనం ఆస్పత్రికి ఎప్పుడూ కనెక్ట్ అయ్యే ఉంటాం. మందు అయిపోతే వీధి చివర మెడికల్ షాపు, ఇంకా కష్టమైతే 108. ఓడ రేవు దాటాక ఆ కనెక్షన్ తెగిపోతుంది. ఓడ గంటకి 18 నాటికల్ మైళ్ళు పోతుందనుకుందాం. అంటే దాదాపు 33 కిలోమీటర్లు. దగ్గరి రేవు 300 కిలోమీటర్ల దూరంలో ఉంటే అక్కడికి చేరడానికి 9 గంటలు. హెలికాప్టర్ ఉంది కదా అనొచ్చు. అది రావాలంటే ఓడ దాని పరిధిలో ఉండాలి, వాతావరణం అనుకూలించాలి.

మరి ఓడలో డాక్టర్ ఉండరా? 2006 నాటి మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ ప్రకారం, 100 మంది లేదా అంతకన్నా ఎక్కువమందితో, మూడు రోజులకు మించి అంతర్జాతీయ ప్రయాణం చేసే ఓడలో అర్హత గల డాక్టర్ ఉండాలి. పెద్ద క్రూయిజ్ ఓడల్లో మామూలుగా డాక్టర్, నర్సులు ఇద్దరూ ఉంటారు. కానీ ఆ నియమం మాటలు జాగ్రత్తగా చదవండి: అంతర్జాతీయం, మూడు రోజులకు మించి. మాలాంటి చిన్న దేశీయ ట్రిప్ అయితే "డాక్టర్ ఉంటారులే" అనుకోకుండా టికెట్ కొనేముందే అడగాలి.

ఆ సెంటర్‌లో సాధారణంగా ఈసీజీ, ఆక్సిజన్, సెలైన్, కొన్ని రక్త పరీక్షలు ఉంటాయి. డయాలసిస్, పెద్ద ఆపరేషన్ లాంటివి అక్కడ ఆశించకూడదు. మనిషిని నిలబెట్టి ఒడ్డున ఉన్న ఆస్పత్రికి అప్పగించడమే వాళ్ళ పని.

కాబట్టి ఒడ్డున అయితే అప్పటికప్పుడు తీసుకునే నిర్ణయాలన్నీ ఓడ ఎక్కకముందే తీసుకోవాలి. నేను వాటిని మూడు ప్రశ్నలుగా రాసుకున్నాను.

మొదటి ప్రశ్న: నా దగ్గరున్న మందు పాడవకుండా ఉంటుందా?

వాడని ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. అందుకే మా ఇంట్లో మొదట వచ్చిన ప్రశ్న "క్యాబిన్‌లో ఫ్రిజ్ ఉందా?" కానీ ఓడ క్యాబిన్‌లలో ఉండే మినీ ఫ్రిజ్ చాలాసార్లు కూల్‌డ్రింక్ చల్లగా ఉంచడానికే సరిపోతుంది. అసలు 8 డిగ్రీల లోపుకి వెళ్తుందో లేదో తెలీదు. కొన్ని ఫ్రిజ్‌లలో వెనక గోడకి ఆనిస్తే గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపించినా వాడకూడదు.

అసలు విషయం ఏంటంటే, వాడుతున్న పెన్ను 30 డిగ్రీల లోపు బయటే ఉంచినా చాలా రకాల ఇన్సులిన్‌లు సుమారు నాలుగు వారాలు పనిచేస్తాయి. కచ్చితమైన లెక్క పెట్టె మీద ఉంటుంది. నాలుగు రోజుల ట్రిప్‌కి ఏసీ క్యాబిన్‌లో, ఎండ తగలని సొరుగు చాలు. పెద్ద ప్రయాణమైతే మిగతా స్టాకుని మెడికల్ సెంటర్ ఫ్రిజ్‌లో పెడతారేమో ముందే రాసి అడగాలి.

నిజమైన ప్రమాదం ఒడ్డుకి దిగి ఊరు చూసే రోజు. బ్యాగు బస్సులో వదిలేస్తే లోపల కొలిమిలా కాలిపోతుంది. నీళ్ళలో తడిపి వాడే చల్లటి పౌచ్‌లు దొరుకుతాయి. మట్టికుండ సూత్రమే, నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది. అయితే సముద్రతీరంలో గాలి ఉక్కగా ఉంటుంది, నీరు త్వరగా ఆవిరవదు. హైదరాబాద్‌లో పనిచేసినంత బాగా ఆ పౌచ్ చెన్నైలో పనిచేయదు. అది ఉంది కదా అని బ్యాగుని ఎండలో పెట్టొద్దు.

రెండో ప్రశ్న: ఒకటి పోతే రెండోది ఎక్కడుంది?

సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అని మనం క్లాసులో చదువుకుంటాం కదా, అదే ఇక్కడ కూడా. రేవులో పెద్ద బ్యాగులు తీసుకుని, కొన్ని గంటల తర్వాత క్యాబిన్‌కి చేరుస్తారు. మందులు అందులో ఉంటే ఆ కొన్ని గంటలు మనకి మందు లేనట్టే. అందుకే మందులన్నీ చేతి సంచిలోనే. అవసరానికి రెట్టింపు తీసుకుని, సగం నా సంచిలో, సగం అమ్మ సంచిలో పెడుతున్నాం. గ్లూకోమీటర్, స్ట్రిప్పులు, సూదులు కూడా అంతే. వాడిన సూదులు వేయడానికి గట్టి డబ్బా కావాలని క్యాబిన్ సిబ్బందిని అడగొచ్చు. చెత్తబుట్టలో వేస్తే అది ఖాళీ చేసే మనిషి చేతికి గుచ్చుకుంటుంది.

ఇంకో చిన్న సంచి కూడా సిద్ధం చేశాను: ఒక పెన్ను, మీటర్, గ్లూకోజ్ పొడి, బిస్కెట్లు. 2012లో కోస్టా కాంకార్డియా ప్రమాదం తర్వాత నియమాలు మారాయి. ప్రయాణం ఒక రోజు దాటే ఓడలో బయల్దేరేముందు గానీ బయల్దేరిన వెంటనే గానీ ప్రయాణికులందరికీ ఎమర్జెన్సీ డ్రిల్ చేయించాలి. నిజంగా ఆ పరిస్థితి వస్తే క్యాబిన్‌కి వెనక్కి వెళ్ళనివ్వకపోవచ్చు. అందుకే ఆ చిన్న సంచి ఎప్పుడూ నా భుజానే ఉంటుంది.

కడుపులో తిప్పితే

ఇది మూడు ప్రశ్నల్లో లేదు గానీ, నన్ను అన్నిటికన్నా భయపెట్టింది ఇదే. ఓడ ఊగుతున్నట్టు లోపలి చెవి చెప్తుంది. క్యాబిన్ గోడలు కదలట్లేదని కళ్ళు చెప్తాయి. మెదడుకి ఈ రెండూ కుదరక వాంతులొస్తాయి. ఓడ మధ్యభాగంలో, కింది డెక్‌లో ఊపు తక్కువ. అందుకే మేం బాల్కనీ ఆశ వదులుకుని అక్కడే క్యాబిన్ తీసుకున్నాం.

నా సమస్య ఏంటంటే, చెమట, వికారం, నీరసం, తల తిరగడం సముద్రపు ఊపుకీ వస్తాయి, లో షుగర్‌కీ వస్తాయి. ఊహించి లాభం లేదు, వేలికి గుచ్చి చూడాల్సిందే. డెసిలీటరుకి 70 మిల్లీగ్రాముల కన్నా తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్ లేదా మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి. 15 నిమిషాలాగి మళ్ళీ చూడాలి. ఇన్సులిన్ వేసుకున్నాక వాంతి అయితే తిన్నది బయటికి పోతుంది గానీ ఇన్సులిన్ లోపలే ఉంటుంది. అందుకని భోజనం ముందు వేసుకునే డోసు ప్లేటు ముందుకొచ్చాకే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. "ఏమీ తినలేదు కదా" అని టైప్ 1 ఉన్నవాళ్ళు ఇన్సులిన్ మొత్తం ఆపేస్తే రక్తంలో కీటోన్‌లు పెరిగి ప్రాణం మీదకొస్తుంది. తినలేని రోజు ఏది తగ్గించాలి, ఏది ఆపకూడదు అని డాక్టర్ చేత కాగితం మీద రాయించుకున్నాను. వాంతులు ఆపే మాత్రలు నిద్ర తెప్పిస్తాయి కాబట్టి వాటి గురించి కూడా అడిగాను.

మూడో ప్రశ్న: నేను మాట్లాడలేకపోతే ఎవరికి తెలుసు?

టికెట్‌తోపాటు హెల్త్ ఫారం వచ్చింది. ఏదైనా జబ్బు ఉందా అని ఒక గడి. బాబాయ్ అన్నారు, "లేదని పెట్టేయమ్మా, ఎక్కనివ్వకపోతే?" అమ్మ భయం వేరే. పిన్ని అత్తగారి వైపు వాళ్ళు కూడా వస్తున్నారు, "ఆడపిల్లవి, అందరికీ ఎందుకు తెలియడం" అంది. ఏడేళ్ళుగా ఫంక్షన్లకి వెళ్తే నేను బాత్రూంలోకి వెళ్ళి ఇన్సులిన్ వేసుకునేది ఈ మాట వల్లే. అమ్మ మీద నాకు కోపం లేదు, ఆవిడ విన్న మాటలు నేను వినలేదు.

కానీ ఒడ్డున ఆ రహస్యాన్ని కాపాడేది పక్కనే ఉన్న ఆస్పత్రి. నడి సముద్రంలో అది లేదు. రాత్రి రెండింటికి నేను స్పృహ తప్పితే, డ్యూటీలో ఉన్న డాక్టర్‌కి నా గురించి మొదటి క్లూ ఆ ఫారమే. అమ్మతో ఇదే చెప్పాను. ఉంది అని రాశాం. ఓడవాళ్ళు అడిగింది డాక్టర్ లెటర్ మాత్రమే. అందులో మందుల బ్రాండ్ పేర్లు కాకుండా జెనరిక్ పేర్లు రాయించాం. ఓడలో డాక్టర్ ఏ దేశంవారైనా కావచ్చు, మన బ్రాండ్లు వారికి తెలియకపోవచ్చు.

నా క్యాబిన్‌లో నాతో ఉండేది పిన్ని కూతురు. చెల్లికి పదిహేడేళ్ళు. తనకి మీటర్ వాడటం నేర్పాను. నేను స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా, పక్కకి తిప్పి పడుకోబెట్టి, మెడికల్ సెంటర్‌కి ఫోన్ చేయమని చెప్పాను. అన్నీ విని అది అడిగింది ఒకటే: "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదక్కా?"

నాలాగా ఒంటికి షుగర్ సెన్సర్ పెట్టుకునేవాళ్ళకి ఒక మాట. సెన్సర్ నుంచి ఫోన్‌కి రీడింగ్ బ్లూటూత్‌లో వస్తుంది, ఫ్లైట్ మోడ్‌లో బ్లూటూత్ ఆన్ చేస్తే చాలు. కానీ వేరే చోట ఉన్న అమ్మ ఫోన్‌కి అలర్ట్ వెళ్ళాలంటే ఇంటర్నెట్ కావాలి. నెట్ లేని చోట ఆ అలారం ఎవరికీ మోగదు. పక్క మంచం మీద మనిషికి తెలిసుండటమే అసలు అలారం.

డబ్బు, మిగతా జబ్బులు

ఓడ మెడికల్ సెంటర్‌లో వైద్యం మామూలుగా టికెట్‌లో కలిసి ఉండదు, విడిగా బిల్లు వేస్తారు. విదేశీ ట్రిప్ అయితే ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో ముందే ఉన్న జబ్బుకి కవర్ ఉందా, సముద్రం నుంచి తరలించే ఖర్చు ఉందా అని చదవాలి. జబ్బు దాచి పాలసీ తీసుకుంటే క్లెయిమ్ తిరస్కరించే హక్కు వాళ్ళకి దొరుకుతుంది.

డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు ఆ ఏర్పాటు ప్రత్యేకంగా ఉంటే తప్ప వెళ్ళకూడదు. ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్ళు డాక్టర్ ఒప్పుకున్నాకే బుక్ చేయాలి. గర్భిణులను 24 వారాలు దాటితే చాలా క్రూయిజ్ కంపెనీలు ఎక్కించుకోవు. బీపీకి నీరు పోయే మాత్ర వేసుకునే పెద్దవాళ్ళకి వాంతులు పట్టుకుంటే ఒంట్లో నీరు త్వరగా తగ్గిపోతుంది, ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించాలి.

మన క్లాసులో ఆస్తమా ఉన్నవాళ్ళు, ఫిట్స్ ఉన్నవాళ్ళు తప్పకుండా ఉండే ఉంటారు. అరకు ట్రెక్కింగ్ అయినా, ఇండస్ట్రియల్ టూర్ బస్సు అయినా, హాస్టల్ గది అయినా ఇవే మూడు ప్రశ్నలు వేసుకోండి. మొదటి రెండింటికీ సంచి సర్దుకుంటే సరిపోతుంది. మూడోదానికి మాత్రం ఒక మనిషికి చెప్పాలి. ఈ వారమే మీ రూమ్మేట్‌కి చెప్పండి.